ఉచిత క్లౌడ్ స్టోరేజీ నిండగానే మెయిల్ కూడా ఆపేయడం న్యాయమేనా?

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. సీజన్లో పొద్దున్నే లాట్లు దిగగానే నా మొదటి పని ఫోటోలు తీయడం. తేజ రకమైనా 334 రకమైనా టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ రంగు, తొడిమ, తాలు (రంగు పోయిన కాయ) ఎంత ఉందీ స్పష్టంగా కనిపించేలా తీసి బయటి ఊళ్ల వ్యాపారులకు పంపాలి. కాటా చీటీలు, రైతుకిచ్చే పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) కూడా ఫోటో తీసి దాస్తాను. లెక్కలో తేడా ఉందనిపిస్తే రైతు ఎన్ని నెలల తర్వాతైనా వచ్చి అడుగుతాడు, అడిగే హక్కు ఆయనకుంది. ఇవన్నీ ఫోన్లోంచి వాటంతటవే క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో కంపెనీ ఇచ్చే చోటులోకి వెళ్తుంటాయి. ఫోన్ కొన్నప్పుడే అలా సెట్ చేసి ఉంది.

సీజన్ మంచి ఊపులో ఉండగా ఆ ఉచిత చోటు నిండిపోయింది. ఫోటోలు ఎక్కడం ఆగితే సర్దుకునేవాణ్ణి. రెండింటికీ చోటు ఒకటే కాబట్టి మెయిల్ కూడా ఆగిపోయింది. ఒక వ్యాపారి డబ్బు వేసి ఏ లాటుకు ఎంతో మెయిల్ పెడితే అది మాకు చేరకుండా తిరిగి ఆయనకే వెళ్లింది. ఆయన పంపానంటాడు, మా దగ్గర ఏమీ లేదు. రైతేమో డబ్బు కోసం కొట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆ సాయంత్రమంతా టెన్షనే. కంపెనీ పేరు రాయను, నా ప్రశ్న ఒక్క కంపెనీ గురించి కాదు.

ముందే హెచ్చరికలు వచ్చాయి, రాలేదని అనను. కానీ ప్రతి హెచ్చరిక కింద పెద్దగా కనిపించేది ప్లాన్ కొనమనే బటనే. ఏది ఎంత చోటు తింటోందో చూసి ఖాళీ చేసుకునే దారి మాత్రం నాలుగు తెరల లోపల ఉంది.

మేం సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టేటప్పుడు టిక్కీకి ఇంత అని అద్దె ముందే మాట్లాడుకుంటాం. సరుకు లోపలికి వెళ్లాక మాట మారదు. నచ్చకపోతే లారీ పెట్టి ఇంకో చోటికి తోలుకుంటాం, టిక్కీ మీద వేసిన మార్కు టిక్కీతోనే వస్తుంది. క్లౌడ్‌లో సరుకు లోపలికి వెళ్లాక కూడా షరతు మారుతోంది. బయటికి తీసుకుందామని డౌన్‌లోడ్ పెడితే జిప్ ముక్కలుగా వచ్చింది. ఫోటో ఒక ఫైలు, దాని తేదీ వివరాలు పక్కన ఇంకో ఫైలు. పట్టీ ఏ రోజుదో తెలియకపోతే ఆ ఫోటోతో నాకేం పని?

డబ్బు కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఉచితమని పిలిచి, అలవాటయ్యాక, బయటికి రావడం కష్టమయ్యాక కొలత మార్చడం కస్టమర్‌కు న్యాయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట సర్వర్ పని, విజయవాడ

గుమాస్తా గారూ, నేను సర్వర్ల పనిలో ఉన్నాను. ధర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాని మీద కోపం ఉండాల్సినంత లేదని నా అభిప్రాయం.

మీ ఫోటో ఒక డిస్కులో ఒక్క కాపీగా ఉండదు. డిస్కులు పాడవుతూనే ఉంటాయి కాబట్టి ఒకటికి మించి కాపీలు వేర్వేరు చోట్ల ఉంచుతారు. కరెంటు, చల్లబరచడం, నెట్‌వర్కు, మనుషులు, అన్నీ ఖర్చే. కంపెనీలకు ఇలాంటి చోటు టోకున అమ్మే అమెజాన్ ఎస్3లో మామూలు రకం అమెరికా రేటు జీబీకి నెలకు 2.3 సెంట్లు. 100 జీబీకి మన డబ్బులో దాదాపు 200 రూపాయలు. మన దేశంలో గూగుల్ వన్ (మనలాంటివాళ్లకు గూగుల్ చోటు అమ్మే ప్లాన్) 100 జీబీ ధర చాలాకాలంగా నెలకు 130. టోకు కంటే చిల్లర చవకగా ఎలా ఇస్తున్నారంటే, 100 జీబీ కొన్నవాళ్లలో ఎక్కువమంది అందులో సగం కూడా నింపరు. నింపనివాళ్ల డబ్బు నింపేవాళ్ల ఖర్చు మోస్తుంది.

అయితే లోపల ఒక వంకర ఉంది. అదే చోట 2 టీబీ (దాదాపు 2000 జీబీ) నెలకు 650. అంటే 20 రెట్లు చోటు, 5 రెట్లు ధర. చిన్న కొట్టువాడు జీబీకి కట్టేది పెద్దవాడు కట్టేదానికి నాలుగింతలు. బిల్లింగు, సపోర్టు ఖర్చులు అందరికీ ఒకటే అన్నది కొంతవరకు నిజమే గానీ, నాలుగింతలకు అది సరిపోయే సమాధానం కాదు.

మీరన్న మాట మార్చడం విషయంలో మాత్రం పూర్తిగా మీ పక్షమే. 2015లో గూగుల్ ఫోటోస్ వచ్చినప్పుడు కాస్త తగ్గించిన నాణ్యతలో ఎన్ని ఫోటోలైనా ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి తీసేశారు. ఆ తేదీకి ముందు ఆ నాణ్యతలో పెట్టినవి లెక్కలోకి తీసుకోలేదు, ఆ మేరకు మాట నిలబెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్ 2015లో ఉచిత చోటు 15 నుంచి 5 జీబీకి తగ్గిస్తామంటే జనం గట్టిగా గొడవ చేశారు. దాంతో గడువులోపు అడిగినవాళ్లకు పాత 15 జీబీ ఉంచారు. ఫోటోలు దాచే సైటు ఫ్లికర్ 2013లో 1 టీబీ ఉచితమని చెప్పి, చేతులు మారాక 2018లో 1000 ఫోటోలకు దించింది.

ఇంకొకటి చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు గూగుల్ లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి వస్తోంది. మీ లాట్ ఫోటో కెమెరా ఫోల్డర్‌లోంచి ఒకసారి, వ్యాపారికి పంపినందుకు వాట్సాప్ బ్యాకప్‌లో ఇంకోసారి చోటు తింటుంది. బ్యాకప్ సెట్టింగులో వీడియోలు ఆపేయండి, చాలా తగ్గుతుంది.

గవర్నరుపేట కెమెరా, విజయవాడ

అన్నా, నేను పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాను. మా దగ్గర ఒక్క పెళ్లి వందల జీబీ ఉంటుంది, అందుకే ఉచిత చోటు మీద నేను ఏ రోజూ ఆధారపడలేదు. నిజం చెప్పాలంటే ఉచితంగా ఇచ్చినవాళ్లను ఎందుకు తగ్గించావని నిలదీయడం నాకు సబబుగా అనిపించదు. 2004లో జీమెయిల్ 1 జీబీతో వచ్చినప్పుడు మిగతావాళ్లు ఇచ్చేది కొన్ని ఎంబీలే. అప్పటినుంచి ఎంతమంది ఒక్క రూపాయి కట్టకుండా ఉద్యోగాల అప్లికేషన్లు, కాలేజీ పనులు దాని మీదే చేసుకున్నారో చూడండి.

పని విషయంలో నా సలహా ఒక్కటే. డబ్బు వ్యవహారాల మెయిల్‌ను, ఫోటోలు వెళ్లే అకౌంట్‌ను విడదీయండి. ఆ ఒక్క పని చేస్తే ఫోటోలు ఎంత నిండినా మెయిల్ ఆగదు. పట్టీలు, కాటా చీటీలు రెండు హార్డ్ డిస్కుల్లో, ఒక క్లౌడ్‌లో పెట్టండి. రెండు డిస్కుల్లో ఒకటి ఇంట్లో ఉండాలి, కొట్లో కాదు. యార్డులో ఆ మిర్చి దుమ్ముకు కంప్యూటర్లే ఎక్కువకాలం ఆగవు కదా.

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

తమ్ముడూ, సలహా బాగుంది, మెయిల్ విడదీసే పని మొదలుపెట్టాను. కానీ ఉచితంగా ఇచ్చారు కాబట్టి అడగకూడదన్నది ఒప్పుకోలేను.

ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్ 2011లో 5 జీబీ ఉచితంతో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన ఐఫోన్ 4ఎస్ మొదటి మోడల్‌లో చోటు 16 జీబీ, కెమెరా 8 మెగాపిక్సెల్. 2023లో వచ్చిన ఐఫోన్ 15కు 128 జీబీ, 48 మెగాపిక్సెల్. ఉచితం అదే 5 జీబీ. గూగుల్ 15 జీబీ కూడా 2013లో మెయిల్, డ్రైవ్, ఫోటోలు కలిపి పెట్టినదే. ఫోన్ అమ్మేటప్పుడు పెద్ద కెమెరా అని చూపించి అమ్ముతారు. ఆ కెమెరా తీసే ఫోటో దాచే చోటు మాత్రం పాత కొలతలోనే ఉంచుతారు. ఫోన్‌కు డబ్బు కట్టే కొన్నాం కదా? ఉచితం అనేది ఆ అమ్మకంలో భాగమే. దానం చేశారన్నట్టు మాట్లాడకూడదు.

సర్వర్ అన్నగారు చెప్పిన 130, 650 లెక్క నాకు తెలియదు. వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. చోటు నిండితే కొత్త ఫోటో ఎక్కించడం ఆపండి, వచ్చే మెయిల్ ఆపకండి. మెయిల్ ఆగితే నష్టపోయేది నేనొక్కణ్ణే కాదు. ఆ అకౌంట్‌తో ఏ సంబంధమూ లేని రైతు నష్టపోతాడు.

బ్రాడీపేట రిటైర్డ్ బ్యాంకు, గుంటూరు

నాయనా, నీ బాధ న్యాయమైనదే. చట్టంలో నువ్వు ఎక్కడున్నావో తెలుసుకోవాలి, అది కొంచెం చేదుగా ఉంటుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచి ఉచితంగా చేసే సేవను తీసేశారు. అంటే రూపాయి కట్టనంతకాలం వినియోగదారుల కమిషన్ ముందు నిలబడటం చాలా కష్టం. నెలకు చిన్న ప్లాన్ అయినా కడితే నువ్వు వినియోగదారుడివి. ఏకపక్షంగా షరతులు మార్చే ఒప్పందాల గురించి అదే చట్టంలో ఉంది, అప్పుడు అది నీకు పనికొస్తుంది. హెచ్చరికలో కొనమనే బటన్ పెద్దదిగా పెట్టి మిగతా దారి దాచడం గురించి చెప్పావు. అలాంటి మోసపు డిజైన్ల మీద కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాలు పేర్కొన్నారు, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు వాటిలో ఒకటి. తెరల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి.

కార్డు మీద ఆటోపే పెడితే డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ నీకు వచ్చేలా కొట్టు నంబరు కాకుండా నీ నంబరు ఇవ్వు.

ఇంగ్లండులో విచ్ అనే వినియోగదారుల సంస్థ 2024 నవంబరులో ఐక్లౌడ్ విషయంలో ఆపిల్ మీద పెద్ద దావా వేసింది. ఫోన్ వాడేవాళ్లను తన స్టోరేజీకే కట్టేస్తోందని, ఎక్కువ వసూలు చేస్తోందని వాళ్ల వాదన. ఆపిల్ ఒప్పుకోలేదు. మన దగ్గర కూడా ఎవరో ఒకరు అడగాలి.

పటమట సర్వర్ పని, విజయవాడ

బాబాయ్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. యూరప్‌లో డేటా యాక్ట్ 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక క్లౌడ్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వసూలు చేసే ఛార్జీలు 2027 జనవరి నుంచి పూర్తిగా ఉండకూడదు. ఆ చట్టం దగ్గరపడుతుండగా 2024 మొదట్లోనే గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమను వదిలి వెళ్లే కంపెనీలకు ఆ ఛార్జీ మాఫీ చేశాయి. గుమాస్తా గారు చెప్పిన మార్కు చెదరకుండా తోలుకెళ్లడం సాంకేతికంగా సాధ్యమే. అడిగితేనే చేస్తారు.

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

బాబాయ్ గారూ, ఒక్క సందేహం. ప్లాన్ కొట్టు పేరు మీద తీసుకోమంటారా, నా పేరు మీదా? డబ్బు కొట్టే కడుతుంది.

బ్రాడీపేట రిటైర్డ్ బ్యాంకు, గుంటూరు

వ్యాపారం కోసం కొన్నదైతే వినియోగదారుడు కాదని అదే చట్టం అంటుంది. పొట్టకూటి కోసం సొంతంగా పని చేసుకునేవాడికి మినహాయింపు ఉంది. మీ కొట్లో జీతగాళ్లు ఉన్నారు కాబట్టి కొట్టు పేరు మీద తీసుకుంటే అవతలివాళ్లు ఆ పాయింటు పట్టుకుంటారు. కొనే ముందు కోర్టు వీధిలో ఎవరైనా వినియోగదారుల కేసులు చూసే వకీలును అడుగు, మీ యజమానిని కూడా తీసుకెళ్లు. పట్టీలు మాత్రం ఈలోపే డిస్కులోకి ఎక్కించు.