అప్‌డేట్: టిరెట్టా బజార్‌కి వెళ్లొచ్చాం

కోల్‌కతాలో చైనీయుల పాత పేట (చైనాటౌన్) అయిన టిరెట్టా బజార్‌లో పొద్దుటి టిఫిన్‌కి ఎన్నింటికి వెళ్లాలి, పంది మాంసం ముట్టని మా అమ్మకి ఏమైనా దొరుకుతుందా అని అడిగాను కదా. ఆదివారం ఆరుకల్లా ఉండమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్! అంత పొద్దున్నే మెట్రో ఉండదు, ట్యాక్సీలో పొద్దార్ కోర్ట్ దగ్గర దిగాం. వేడివేడి చేప ఉండల సూప్ అమ్మకి ఎంత నచ్చిందంటే, రెండో గిన్నె తనే అడిగి తెచ్చుకుంది. నేను మాత్రం పంది మాంసం కూరిన బావ్ (ఆవిరిమీద ఉడికించే చైనీస్ బన్ను) వదల్లేదు. మెత్తగా, దూదిలా ఉంది. ఎనిమిదిన్నరకే చాలా గిన్నెలు ఖాళీ.

అమ్మేవాళ్లలో చైనీయులు కొద్దిమందే కనిపించారు. 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత చాలా కుటుంబాలు ఊరొదిలి వెళ్లిపోయాయి. మనసు చివుక్కుమంది. ఇంకా అక్కడే పొయ్యి వెలిగిస్తున్న ఒక చైనీస్ పెద్దావిడ కనిపించింది, మళ్లీ వెళ్తే ఆవిడ దగ్గరే తింటాను.