పక్కోడి గట్టు మీద ఎలకలకి కూడా మనమే మందు పెట్టాలా?

మాది పశ్చిమ గోదావరి అండి, రెండెకరాలు, ఈ సార్వాకి (వానాకాలం పంట) స్వర్ణ రకం వరి వేశాం, ఇప్పుడు పిలకలేస్తోంది. పక్క చేను ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు, కౌలుకి చేసేవాడు ఎలకల సంగతే పట్టించుకోడు, మధ్య గట్టు నిండా కన్నాలే. పోయిన దాళ్వాలో (రెండో పంట) నా చేలో మొత్తం మందు పెట్టా, కొన్నాళ్ళకే మళ్ళీ కొరికిన దుబ్బులు, అన్నీ అటునుంచి వచ్చినవే. ఇప్పుడు మా నాన్న వాడి గట్లకి కూడా నువ్వే పెట్టెయ్ రా అంటున్నారు. నా డబ్బులతో వాడి పంట కాపాడాలా, ఒళ్ళు మండిపోతోంది. మీరైతే ఏం చేస్తారు?

చేనుగట్టు:
పెట్టెయ్ తమ్ముడూ, ఎలకకి సర్వే నంబర్లు తెలీవు కదా 😀 నీ చేలో చచ్చినవాటి కన్నాల్లోకి పక్కనుంచి కొత్తవి దిగుతాయి, అందుకే వ్యవసాయ శాఖ వాళ్ళు ఊరంతా ఒకేసారి పెట్టండి, సామూహిక నివారణ అని మొత్తుకునేది. వాడికి లాభం వస్తే రానీ, నీ ధాన్యం నీకు మిగులుతుందా లేదా అది చూస్కో.

బాబాయ్‌గారు:
ఖర్చు కూడా ఏమంత కాదు బాబూ. కిలో ఎరకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమోడయోలోన్ (ఎలకల మందు), చేతులకి గ్లౌజులేస్కుని కలపాలి. ముందు రోజు కన్నాలన్నీ మట్టితో మూసెయ్, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే 15 గ్రాముల పొట్లం లోపలికంటా నెట్టు, కుక్కలకీ పిట్టలకీ అందకూడదు. కిలోకి 60 పైన పొట్లాలొస్తాయి. వెంటనే చావలేదని కంగారు పడకు, మూడు నాలుగు రోజులు పడుతుంది. పొట్ట దశకి (కంకి లోపల తయారయ్యే దశ) వచ్చాక అయితే ఎర ముట్టవు, వరే తింటాయి, ఆలస్యం చెయ్యకు.

కౌలురైతు:
నేను ఒప్పుకోనండి. ఊరికే చేస్తే ప్రతి పంటకీ నీ మొహమే చూస్తాడు. మందు నాది, నూకలూ మనిషీ నీవి అని అడుగు. ఇంకో మాట, ఆ కౌలు అతన్ని మరీ తిట్టకండి, ఆసామి సంతకం పెట్టకపోతే సీసీఆర్సీ కార్డు (కౌలు రైతు గుర్తింపు కార్డు) రాదు, అది లేకపోతే బ్యాంకు లోనుకి ఎంత తిరగాలో మాకు తెలుసు, చేతిలో రూపాయి లేనప్పుడు ఎలకల మందు ఆఖర్న గుర్తొస్తుంది.

అడిగినవాడు:
మాట్లాడా అండి. నూకలు ఇస్తా, నేనూ వస్తా అన్నాడు, ఆదివారం కన్నాలు మూస్తున్నాం. ఇప్పుడు అవతల కాలవ గట్టు మీద కూడా ఉన్నాయంటున్నాడు, అది ఎవరి ఖాతాలో వేస్తారో మరి 🙏