బోనులో కోతుల పళ్లకు గార: అరటిపళ్లు ఆపితే సరిపోతుందా?

సంరక్షకుడు, నెల్లూరు
గాయపడి వచ్చిన ఆరు కోతులు మా దగ్గర ఉన్నాయి. తిరిగి అడవికి పంపలేనివి. పెద్ద ఆడకోతి కోరపళ్ల మొదట్లో పసుపచ్చగా గార కట్టింది, చిగుళ్లు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్లూ పెరుగన్నం, అరటిపళ్లు, బిస్కెట్లు పెట్టాం. మిగతా వాటికైనా ఇలా కాకుండా తిండితోనే ఆపగలమా?

పశువైద్య విద్యార్థి, ఒంగోలు
అరటిపళ్లు మానేయండి అన్నా. ఇంగ్లండ్‌లోని పెయింటన్ జూ 2014లో కోతులకు అరటిపళ్లు ఆపేసింది. మనం తీపి కోసం పెంచుకున్న పండ్లలో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. అడవిలో దొరికే మర్రిపళ్లు, మేడిపళ్లు అలా ఉండవు.

రైతు, పొదిలి
పెంచలకోనలో కోతులు భక్తులిచ్చే అరటిపళ్లు, కొబ్బరిముక్కలు తినే బతుకుతున్నాయి కదా తమ్ముడూ! చెరకు ముక్కలు, వేపపుల్లలు వేయండి, పళ్లు అవే తోముకుంటాయి.

రిటైర్డ్ పశువైద్యుడు, కావలి
ఇక్కడ రెండు జబ్బులు కలిసిపోతున్నాయి. తీపి తింటే నోట్లో సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి, పన్ను పుచ్చుతుంది. గార సంగతి వేరు. పంటి మీద పాచి అలాగే ఉండిపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో దిగి రాయిలా గట్టిపడతాయి. తీపి ముట్టని కుక్కలకూ గార పడుతుంది. కాబట్టి అరటిపళ్లు తగ్గించడం మంచిదే గానీ, పెరుగన్నం, నానిన బిస్కెట్లు అలాగే ఉంచితే గార ఆగదు. మెత్తటి తిండికి నమిలే పనే ఉండదు. పైగా ఈ కోతులు తిండిని బుగ్గసంచుల్లో దాచుకుంటాయి.

రైతు గారూ, కొండ మీద కోతి నోరు తెరిచి చూసిందెవరు? అది రోజంతా లేత ఆకులు, కాయలు, పురుగులు కూడా వెతుక్కుని తింటుంది. చెరకు పీచు మంచిదే, దాని రసమే వద్దు. వేపపుల్లను మనం కుంచెలా నమిలి పంటి చిగురు దాకా తోముతాం. కోతి బెరడు ఒలిచి పారేస్తుంది. నమలడం వల్ల పంటి పైభాగం శుభ్రపడుతుంది, చిగురు అంచు అంతగా కాదు. గార పట్టేది అక్కడే.

ఆడకోతి విషయంలో తిండి మీద ఆశ పెట్టుకోవద్దు. గట్టిపడిన గార నమిలితే ఊడదు. మత్తు ఇచ్చి గీకాల్సిందే. ఆలస్యం చేస్తే పళ్లు కదులుతాయి, నొప్పికి తిండి మానేస్తుంది. దయచేసి ముందు ఆ పని చూడండి.

పశువైద్య విద్యార్థి, ఒంగోలు
డాక్టర్ గారూ, ఒప్పుకుంటున్నాను. కానీ పుచ్చిపళ్లు, షుగర్ జబ్బు భయం ఉంది కాబట్టి అరటిపళ్ల మీద నా మాట మాత్రం మారదు.

సంరక్షకుడు, నెల్లూరు
ఆడకోతిని ఈ వారమే చూపిస్తాం. మిగతా ఐదింటికి రావి, చింత కొమ్మలు ఆకులతో సహా వేస్తాం. పచ్చి క్యారెట్, బీన్స్, తేగలు కూడా. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయని భయం, అందుకే అన్నం రోజురోజుకూ కొంచెం తగ్గిస్తాం. పొదిలి అన్నా, వేపపుల్లలు కూడా వేస్తాలే, కనీసం పొద్దుపోతుంది వాటికి.