పాపను ఈతకు బెంగళూరు పంపాల్నా, ఇంకొన్నాళ్లు ఆగాల్నా?

ఈత పోటీల సంగతి తెలిసిన అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. మాది కర్నూలు. నేను కేసీ కాలువలో నడుముకు బెండు కట్టుకొని నేర్చుకున్నోణ్ణి, అంతకు మించి తెలీదు. మా పాపకు పదకొండేళ్లు. 2021లో మన దేశపు ఈతగాడు శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈదేది) 53.77 సెకన్లలో ఈదిన వీడియో చూసి పట్టుకున్న పిచ్చి.

మేం పోయే కొలను 25 మీటర్లే. గోడకు ఐదు మీటర్ల ముందు పైన కట్టాల్సిన జెండాల తాడు కూడా లేదు. వెల్లకిలా వస్తా వస్తా పోయిన నెల గోడకు తల కొట్టుకుంది. మా ఇంటామె పాత చున్నీ ముక్కలు తాడుకు కట్టిచ్చింది. ఇప్పుడు అవి కనపడంగానే గోడ దాకా ఎన్ని చేతులు వేయాల్నో లెక్కపెట్టుకొని తిరుగుతుంది.

ఇక్కడ 100 మీటర్లకు 1:24 పడుతోంది. 50 మీటర్ల కొలనులో మలుపు ఒక్కటే, ఇక్కడ మూడు. గోడను తన్నే ఊపు తగ్గుతుంది కదా, అక్కడ ఎంత పడొచ్చు?

బెంగళూరు ఇప్పుడే పంపాల్నా, పదో తరగతి దాకా ఆగొచ్చా? ఎండాకాలం సెలవుల్లో మాత్రం తీస్కపోతే లాభముంటుందా? నేను అంగడి మూసి నెలలకు నెలలు ఉండలేను. ఫీజు సంగతి సరే, అద్దెకూ తిండికీ ఎంతయితుందో పిల్లల్ని పంపినోళ్లు చెప్పండి.