సీరియం-రోడియం-ఇండియం 1-1-5లో 3.4 కెల్విన్ దగ్గర నిరోధం పడిపోతోంది, అతివాహకతేనా?

భీమవరం_ఎమ్మెస్సీ:
సీరియం-రోడియం-ఇండియం 1-1-5 (పరమాణువుల పాళ్లు) స్ఫటికాలు ఇండియం ఫ్లక్స్‌లో, అంటే ద్రావణిలా పనిచేసే కరిగిన ఇండియంలో పెంచాం. వేసిన పాళ్లు 1:1:20, అల్యూమినా మూస, క్వార్ట్జ్ గొట్టంలో సీలు. 1100 డిగ్రీల నుంచి గంటకు 6 చొప్పున 650 దాకా దించి సెంట్రిఫ్యూజ్ చేశాం. సాధారణ పీడనంలో నాలుగు కాంటాక్టులతో కొలిస్తే 3.8 కెల్విన్ దగ్గర వంపు వచ్చింది, అది యాంటీఫెర్రో అయస్కాంత క్రమం (పక్కపక్క పరమాణు అయస్కాంతాలు ఎదురెదురుగా నిలవడం) అని తెలుసు. కానీ 3.4 దగ్గర నిరోధం ఒక్కసారిగా సగానికి పడిపోయింది, సున్నా మాత్రం కాలేదు. అయస్కాంతత్వం, అతివాహకత (నిరోధం పూర్తిగా పోవడం) రెండూ కలిసి ఉన్నాయని రిపోర్టులో రాయొచ్చాండి?

కోనసీమ_క్రయో:
రాయకండి. ఇండియం తనంతట తాను 3.4 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది. మీ స్ఫటికం పొరల మధ్య మిగిలిపోయిన ఫ్లక్సే కరెంటుకి అడ్డదారి ఇస్తోంది. అది ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా లేదు కాబట్టే సగంలో ఆగింది.

తేల్చుకోవడం సులువు. 0.1 టెస్లా క్షేత్రం పెట్టి మళ్లీ కొలవండి. ఇండియం సంధి క్షేత్రం (అతివాహకతని చెరిపేసే అయస్కాంత క్షేత్రం) సున్నా కెల్విన్ దగ్గర కూడా 0.028 టెస్లాయే, సన్నటి తీగల్లాంటి ముక్కలైతే కాస్త ఎక్కువ తట్టుకుంటాయి. ఆ పతనం మాయమై 3.8 వంపు కదలకుండా ఉంటే కథ కంచికి.

ఇండియం 157 డిగ్రీలకే కరుగుతుంది. స్ఫటికాన్ని 170 దాకా వేడిచేసి పైన ఉన్నది తుడిచేయండి, మిగిలింది పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పోతుంది. లోపల ఇరుక్కున్నది ఆమ్లానికి అందదు, అలాంటి ముక్కని పక్కన పెట్టి పలచటి పలకని ఎంచుకోండి. 10 కెల్విన్ దగ్గర వంపు ఉంటే సీరియం-ఇండియం-3, 2.8 దగ్గర ఉంటే 2-1-8 (అవే మూడు మూలకాలు ఆ పాళ్లలో) కలిశాయని అర్థం. ఇంకోటి, మన సముద్రపు గాలి తేమకి సీరియం ముక్క ఇట్టే మసిబారిపోతుంది. తూచే ముందు గీకి, ఆర్గాన్‌లోనే మూసలో వేయండి.

భీమవరం_ఎమ్మెస్సీ:
మరి పుస్తకాల్లో ఈ పదార్థానికే అతివాహకత అంటారు కదండీ?

గౌతమి_గట్టు:
ఉంది, పీడనం పెట్టాక. (సాధారణ పీడనంలోనూ ఉంది గానీ 0.1 కెల్విన్ దగ్గర, మీ యంత్రం అంత కిందకి వెళ్లదు.) 1.75 గిగాపాస్కల్ దగ్గర అయస్కాంత క్రమం, అతివాహకత మొదలయ్యే రెండు ఉష్ణోగ్రతలూ దాదాపు 2 కెల్విన్ దగ్గర కలుసుకుంటాయి. అంతకు తక్కువలో చల్లారేటప్పుడు అయస్కాంత క్రమం ముందు వస్తుంది, ఆ తర్వాత అతివాహకత వచ్చి రెండూ కలిసి ఉంటాయి. అంతకు మించితే అతివాహకతే ముందు వస్తుంది, అయస్కాంతత్వం అసలు కనపడదు.

దాళ్వాలో కాలువ సంగతే అనుకోండి. రెండింటికీ కావాల్సింది ఒకే ఎలక్ట్రాన్ల నీరు, సీరియం 4ఎఫ్ (లోపలి పొర) ఎలక్ట్రాన్లతో ముడిపడి బరువెక్కినవి. ఎగువ తూము అతివాహకతదైతే, శక్తి అంతరం తెరుచుకుని నీరంతా అదే లాగేస్తుంది, శివారుకి చుక్క రాదు. అయస్కాంతత్వం ముందు తోడుకుంటే మాత్రం కొంత నీరు మిగులుతుంది. ఇది ఊరికే పోలిక కాదు: 1.75 దాటాక బయటి క్షేత్రం పెట్టి ఎగువ తూము కొంచెం దించితే శివారులో అయస్కాంతత్వం మళ్లీ తలెత్తుతుంది. సుమారు 2.3 గిగాపాస్కల్ దాకా ఇది జరుగుతుంది. 2006లో విశిష్టోష్ణం కొలిచి చూపించారు.

పీడనం ఎందుకంటే, సీరియంని నొక్కితే 4ఎఫ్‌కీ వాహక ఎలక్ట్రాన్లకీ మధ్య పట్టు బిగుస్తుంది. అయస్కాంత క్రమాన్ని నిలిపే బలం ఆ పట్టుకి వర్గంగా పెరిగితే, దాన్ని కప్పేసే కోండో ప్రభావం (వాహక ఎలక్ట్రాన్లు 4ఎఫ్ అయస్కాంతత్వాన్ని చెరిపేయడం) ఘాతాంకంగా పెరిగి చివరికి దాటేస్తుంది. ఇటెర్బియంలో ఇదంతా తిరగబడుతుంది, నొక్కితే అయస్కాంతత్వం పుడుతుంది.

కోనసీమ_క్రయో:
గౌతమి గారు చెప్పిందానికి ఒక్కటి కలపాలి. కలిసి ఉండే ఆ ప్రాంతంలో నిరోధం సున్నా అయిందని సంబరపడొద్దు. విశిష్టోష్ణంలో మెట్టు అంతకన్నా కింద ఉష్ణోగ్రతలో వస్తుంది. నిరోధానికి ఒక సన్నటి దారి చాలు, విశిష్టోష్ణానికి పదార్థం మొత్తం మారాలి.

తణుకు_ప్రెషర్:
పీడనం కొలతలోనే చాలామంది బోల్తా పడతారు. గది ఉష్ణోగ్రతలో పెట్టిన పీడనం చల్లారేసరికి 0.2, 0.3 గిగాపాస్కల్ తగ్గుతుంది. సెల్‌లో పీడనాన్ని అన్ని వైపులకీ అందించే డాఫ్నే 7373 నూనె గది ఉష్ణోగ్రతలోనే 2.2 గిగాపాస్కల్ దగ్గర గట్టిపడుతుంది, ఆ పైన నొక్కుడు అన్ని వైపులా సమానంగా ఉండదు, స్ఫటికం పగలొచ్చు. అందుకే సెల్‌లో స్ఫటికం పక్కనే సీసం ముక్క పెట్టి, 7.2 కెల్విన్ నుంచి దాని సంధి ఉష్ణోగ్రత ఎంత దిగిందో చూస్తాం. గిగాపాస్కల్‌కి 0.4 కెల్విన్‌కి కాస్త తక్కువ దిగుతుంది.

అయితే ముందు రోజు పెద్ద క్షేత్రం వాడి ఉంటే అయస్కాంతం చుట్టలో 2 మిల్లీటెస్లా మిగిలిపోయి ఉండొచ్చు. దానికే సీసం సంధి ఉష్ణోగ్రత 0.09 కెల్విన్ దిగుతుంది, మీరు పీడనం 0.2 ఎక్కువ చదువుతారు. 1.6లో ఉండి 1.8 అనుకుంటే 1.75 గీత అవతలి గట్టున ఉన్నామని రాసేస్తారు. సీసం కొలిచే ముందు క్షేత్రాన్ని అటూ ఇటూ ఊపుతూ తగ్గించి సున్నాకి తేవాలి.

భీమవరం_ఎమ్మెస్సీ:
0.1 టెస్లాలో పతనం పోయిందండీ. 3.8 వంపు అలాగే ఉంది.