ఈబీటీ కార్డు మీద కూల్‌డ్రింకులు, చాక్లెట్లు ఆపేశారు. ఇది మంచిదేనంటారా?

అయోవా_కొట్టు

అందరికీ నమస్కారం. మాది అయోవాలో ఓ చిన్న ఊరు. గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని సరుకుల కొట్టు. పొద్దున ఆరింటికి మా ఆయన తాళం తీస్తారు, మధ్యాహ్నం రెండు నుంచి కౌంటర్ నాది. 11 ఏళ్లుగా ఇదే పని.

ఆదాయం తక్కువున్నవాళ్లు తిండి కొనుక్కోవడానికి అమెరికా ప్రభుత్వం ఈబీటీ కార్డులో డబ్బు వేస్తుంది కదా, ఫుడ్ స్టాంపులని పాతవాళ్లు ఇప్పటికీ అంటుంటారే, ఆ స్నాప్ డబ్బుతో కూల్‌డ్రింకులు, చాక్లెట్లు కొనకూడదని ఇక్కడ 2026 జనవరి 1 నుంచి రూలు పెట్టారు. నెబ్రాస్కా, ఇండియానాల్లోనూ అదే రోజు మొదలైంది.

ఈ రూలు వస్తోందని విన్నప్పుడు సంతోషించినదాన్నే నేను. మా నాన్నకి షుగర్. రెండు కాలివేళ్లు తీసేశారు. ఆయన పోయాక మంచం సర్దుతుంటే పరుపు కింద సగం తాగిన కూల్‌డ్రింకు సీసా దొరికింది. ఆ సీసా గుర్తొచ్చే, ప్రభుత్వమే డబ్బిచ్చి రోగం కొనిపించడమేంటి, ఆపితేనే మేలు అనుకున్నాను.

కౌంటర్ దగ్గర నిలబడితే వేరేగా ఉంది. మా రాష్ట్రంలో లిస్టు ఎలా చేశారంటే, ఏ తిండి మీద సేల్స్ టాక్స్ పడుతుందో అది కార్డు మీద రాదు. క్యాండీ మీద టాక్స్ పడుతుంది, కానీ ఆ లెక్కలో పిండి కలిసినది క్యాండీ కిందకి రాదు. అందుకని పిండి లేని స్నిక్కర్స్ చాక్లెట్ కార్డు మీద రాదు, పిండి ఉన్న కిట్‌క్యాట్ వస్తుంది. కూల్‌డ్రింకుని ఇక్కడ సోడా అంటారు, చక్కెర లేని డైట్ సోడా కూడా రాదు. ఇది ఆరోగ్యం చూసి చేసిన లిస్టు అని నేనెలా చెప్పను?

పోయిన గురువారం ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పాలు, గుడ్లు, బ్రెడ్, వాడి చేతిలో ఒక స్నిక్కర్స్. మెషిన్ తీసుకోలేదు. వెనకాల నలుగురు నిలబడ్డారు. ఆవిడ గొంతు తగ్గించి "అది తీసెయ్యమ్మా" అంది. ఆరేళ్లుంటాయేమో, ఆ పిల్లాడు ఏమీ అనకుండా వెళ్లి, తీసిన వరసలోనే, పేరు బయటికి కనబడేటట్టు తిప్పి మరీ పెట్టొచ్చాడు. నాకు డ్రాయర్ మూయడానికి చేతులాడలేదు.

ఇంకో మాట. మా కొట్టులో కూరగాయలంటే ఉల్లిపాయలు, బంగాళదుంపలు, కొన్ని అరటిపళ్లు. అంతే. పెద్ద సూపర్‌మార్కెట్ 19 మైళ్ల దూరం. వేడి కోడి, వేడి సూప్ ఈ కార్డు మీద ముందునుంచీ రావు. వద్దన్నవి తీసేశాం సరే, వాటి బదులు ఈ ఊళ్లో ఏం తినమంటున్నాం? మీ చుట్టుపక్కల ఎలా ఉంది? ఆపాల్సిందేనంటారా?

ఇండియానా_నర్సు

అక్కా, నేను డయాలసిస్ సెంటర్లో నర్సుని. నేను రూలు వైపే. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కూర్చునేవాళ్లని రోజూ చూస్తాను. దాహమేసినా నీళ్లు కొలుచుకుని తాగాలి. కోలాల్లో ఫాస్ఫేట్ ఉంటుంది, అసలు ముట్టుకోవద్దని ప్రతిసారీ చెబుతాం. అయినా బ్యాగులో సీసా ఉంటుంది.

గర్భిణులకి, ఐదేళ్లలోపు పిల్లలకి ఇచ్చే విక్‌లో మొదటినుంచీ లిస్టు ఉంది కదా. పాలు, గుడ్లు, పప్పులు, పళ్లు, ఇవే కొనాలి. దాన్ని మంచి పథకమనే అందరూ అంటారు. న్యూయార్క్ నగరం 2010లోనే స్నాప్ డబ్బుతో సోడా కొనడం ఆపుతామని అడిగితే 2011లో కేంద్రం కాదంది. అప్పుడే ఒప్పుకుని ఉంటే పనిచేస్తుందో లేదో ఈపాటికి తేలిపోయేది.

మీ టాక్స్ లిస్టు మాత్రం నాకూ నచ్చలేదు. లిస్టు సరిచెయ్యమనండి. సోడాని మాత్రం వెనక్కి తేవద్దు.

మిషిగన్_అమ్మాయి

నేనిది ఎక్కడా చెప్పలేదు. 2020లో మా ఆయన ఉద్యోగం పోతే ఎనిమిది నెలలు ఆ కార్డు మేమూ వాడాం. సిటిజన్లం, అర్హత ఉంది. అయినా మనవాళ్లెవరైనా చూస్తారేమోనని అరగంట అవతలి ఊరికి వెళ్లి కొనేదాన్ని. కౌంటర్లో అమ్మాయి సరుకులు ఒక్కొక్కటే స్కాన్ చేస్తుంటే నా గుండె దడదడలాడేది. ఆ వరసలో నిలబడనివాళ్లకి ఆ పిల్లాడి సంగతి చిన్నదిగా కనబడుతుంది.

మమ్మల్ని మార్చింది డబల్ అప్. 2009లో డెట్రాయిట్లో మొదలైన పథకం. రైతు బజారులో కార్డు మీద 10 డాలర్ల కూరగాయలు కొంటే ఇంకో 10 డాలర్లకి ఊరికే ఇస్తారు. వంకాయలు, పాలకూర, టమాటాలు సంచి నిండా తెచ్చుకునేవాళ్లం. డబ్బులు చూసుకుని కూరగాయలు తగ్గించిన ఇంట్లో పప్పులో మళ్లీ ఆకుకూర పడింది. మసాచుసెట్స్‌లో హాంప్‌డెన్ కౌంటీలో 2011-12లో ఇలాగే డాలరుకి 30 సెంట్లు వెనక్కిచ్చి చూశారు. పళ్లు, కూరగాయలు తినడం పావు వంతు పెరిగింది. ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు.

కార్డు మీద విత్తనాలు, నారు కూడా కొనొచ్చని చాలామందికి తెలీదు. మేం మిరప నారు కొని బాల్కనీలో పెట్టాం. సెప్టెంబరు దాకా కోశాం.

అనంతపురం_డీలర్

మాది రేషన్ షాపు మేడమ్. 2023లో మా సీమలో బియ్యం బదులు కార్డుకి మూడు కేజీల దాకా రాగులు తీసుకోవచ్చన్నారు. కావాలన్నోళ్లకే. సంగటి తినే ముసలోళ్లు, షుగరోళ్లు వాళ్లంతట వాళ్లే అడిగి తీసుకున్నారు. రాగులే తినాలని ఎవురికీ చెప్పలేదు. చెప్పుంటే నా షాపు ముందర గొడవే అయ్యుండేది. మీ దేశం సంగతి నాకు తెలీదు గానీ, తినే మనిషిని అడగాల కదా.

అయోవా_కొట్టు

నర్సమ్మా, మీ మాట కాదనలేను. మా నాన్న సీసా నా కళ్లముందు ఉన్నంతకాలం సోడా తిరిగి రావాలని నేనూ అడగను. కానీ ఆ పిల్లాడి చేతిలోది సోడా కాదు. అది వాడికి వారానికొక్కటి.

మిషిగన్ అమ్మాయీ, మీరు చెప్పాక రాత్రి కూర్చుని వెతికాను. డబల్ అప్ మా అయోవాలో కూడా ఉంది! మా ఊరి దాకా రాలేదంతే. కౌంటర్ పక్కన చాక్లెట్ల స్టాండు తీసేసి అక్కడ చిన్న ఫ్రిజ్ పెట్టి ఆపిల్స్, క్యారెట్, పాలకూర తెద్దామని మా ఆయనతో అన్నాను. పాడైపోతే నష్టం మనదే కదా అన్నారు. అదీ నిజమే. మీరు కొనే చోట చిన్న కొట్లవాళ్లెవరైనా ఇది చేస్తున్నారా? మిగిలిపోయిన ఆకుకూరలు ఏం చేస్తారో కనుక్కుని చెప్పగలరా?