సముద్రం అడుగున చూసిన వల ఉన్న చోటును ఎలా గుర్తించాలి?

నేను కర్నూలు వాసిని. జనవరి 18 ఉదయం విశాఖపట్నం రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేస్తుండగా, సుమారు 11 మీటర్ల లోతున రాతికి చిక్కుకున్న నైలాన్ వలలో ఒక ఆలివ్ రిడ్లే తాబేలు పెనుగులాడుతూ కనిపించింది. మా శిక్షకుడు కత్తితో తాళ్లు కోసి దానిని విడిపించారు గానీ, వల మాత్రం అక్కడే ఉండిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే కాలమిది కనుక, ఆ వల ఇంకెన్నింటిని బలిగొంటుందోనని నాకు చాలా ఆందోళనగా ఉంది.

సంబంధిత కార్యాలయానికి వీడియో జతచేసి రెండుసార్లు రాశాను. అక్షాంశ రేఖాంశాలు లేనిదే ఏమీ చేయలేమన్నారు. నీటి అడుగున జీపీఎస్ సంకేతాలు అందవు. నా కెమెరాలో ఆ సదుపాయమే లేదు. ఫోన్‌ను గదిలోనే వదిలి వెళ్లాను. పడవవారు కూడా చోటు రాసుకోలేదు. డైవ్ కంప్యూటర్‌లో నమోదైన లోతు, సమయాలు, 7.40కి పడవ మీద నుంచి కొండా తీరమూ కనిపించేలా తీసిన మూడు ఫోటోలు మాత్రమే మిగిలాయి. వాటిని ఉపగ్రహ పటంతో పోల్చి కంటి అంచనాతో గుర్తిస్తే, ప్రతిసారీ దాదాపు 400 మీటర్ల తేడా వస్తోంది.

ఫోటోలలోని కొండ, భవనాల వంటి స్థిరమైన గుర్తుల ఆధారంగా, పడవ నిలిచిన చోటును 50 మీటర్లలోపు తేడాతో లెక్కగట్టే పద్ధతిని తెలిసినవారు ఎవరైనా వివరించగలరా?